పెరిగే ఇంటికి రెండో పొయ్యి

బళ్ళారి,
12 జూన్ 2024

మహారాజశ్రీ మేనత్త అంజినమ్మ గారి దివ్య సముఖమునకు,

మేనల్లుడు సిద్ధేశ్ సాష్టాంగపడి చేసుకొను క్షమాపణ ఏమనగా: ఈ ఉత్తరంలోనూ, దీని వెనక రాబోయే ఉత్తరాలన్నింటిలోనూ నేను చేయబోయే సకల అపరాధాలకు నన్ను ముందుగానే మన్నించాలి. గని వెడల్పు చేయడానికి మీ లైను ఇళ్ళు కూలగొడుతున్నందుకు మన్నించాలి. ఆ ఇళ్ళ కింద ఇనుపరాయి ఉన్నందుకు మన్నించాలి. దాన్ని అక్కడ పాతిపెట్టింది నేనేనని హులిగెప్ప మామ అనుమానిస్తున్నట్టు తెలిసింది. సండూరు కొండలు ఎర్రగా ఉన్నందుకు, ఆ ఎరుపు మీ బట్టల్లోంచి పోనందుకు, ఇంజనీరింగు చదివి కూడా నేను దానికో సబ్బు కనిపెట్టలేకపోయినందుకు వేరువేరుగా మన్నించాలి.

ఇక విషయం. "మీ వోడు మిషన్లతో ఇండ్లు కడ్తాడంటనే, నా ఇల్లు యాడుండాదో చెప్పమను" అని మా నాన్నతో అన్నావట. చెబుతున్నాను. అది ఇంకా పుట్టలేదు.

బళ్ళారి బయట మా కంపెనీ షెడ్డు ఉంది. అందులో ఒక పెద్ద ఇనుప చెయ్యి ఉంటుంది. మనిషి లేడు, చెయ్యి మాత్రమే. అది అచ్చులో కాంక్రీటు పోస్తుంది, కిటికీకి చోటు వదులుతుంది, కరెంటు పైపు దానంతటదే పెడుతుంది. మేస్త్రి లేడు. మేస్త్రికి టీ లేదు. పని మధ్యలో మేస్త్రి అత్తగారు చనిపోవడం లేదు. నేను గాజు తలుపు వెనక కూర్చుని, తెర మీద బొమ్మ సరిచూసి మీట నొక్కుతాను. నాలుగేళ్ళ చదువు మొత్తం నా చూపుడువేలిలోకి దిగింది.

నీకు వచ్చేది ఒక పెట్టె. గది, వంటమూల, స్నానాల గది అన్నీ అందులోనే. లారీ మీద వస్తుంది, క్రేను దించుతుంది, బోల్టులు బిగిస్తారు. దీనికి మావాళ్ళు పెట్టిన పేరు 'పెరిగే ఇల్లు'. పడమటి గోడలో తలుపంత మేర పల్చగా ఉంటుంది. సంసారం పెరిగితే అక్కడ కోసి, రైలుపెట్టెకు రైలుపెట్టె తగిలించినట్టు ఇంకో గది తగిలిస్తారు. ఏ గదైనా ఏ ఇంటికైనా సరిపోతుంది. మా మేనేజరు మోహన్‌కృష్ణ గారు ఈ వాక్యాన్ని పొద్దున్నే సంధ్యావందనంలా చదువుతారు.

కొత్త పెళ్ళికొడుకు హంపేశ్ బావను అడిగానని చెప్పు. నీ కొత్త కోడలు, నాకు చెల్లెలి వరసైన అక్షతను కూడా. పెళ్ళిలో నేను రెండు పంక్తుల్లోనూ కూర్చున్నానని వాళ్ళమ్మ కురుగోడు ఊరంతా చెబుతోందట. నిరాధారమైన నింద. రెండో పంక్తిలో నేను కూర్చోలేదు, నిలబడి తిన్నాను.

ఇట్లు,
తమ పాదధూళి (అదీ ఎర్రదే),
సిద్ధేశ్


యశ్వంతనగర్,
3 ఆగస్టు 2024

చిరంజీవి సిద్ధాకు అత్త అంజినమ్మ దీవించి రాసేది,

నీ జాబు అందినాది. పోస్టాయన తిప్పి తిప్పి చూసి, "తెలుగు జాబులు ఇంకా రాస్తాండారేమక్కా" అని నవ్వినాడు.

ఫోను పెట్టుకొని జాబెందుకు అంటావు. చెప్తా. ఇల్లు వచ్చినాది. మీ మామ బీడీ ముట్టించినాడు, అది అయిపోయేలోపల ఇల్లు దించి పోయినారు. బాగుండాది. వాన కారదు, తేలు రాదు. కానీ నాయనా, అది ఒకటే గది. పాత లైనింట్లో వెనకాల వసారా ఉండె, ముందర అరుగు ఉండె, ఏడ్చుకోవాలంటే ఒక మూలన్నా ఉండె. ఈడ నేను ఫోనులో ఏం మాట్లాడినా నలుగురం వింటాం. జాబైతే ఎవురూ వినరు. హంపేశుకు, ఆ పిల్లకు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివేది కన్నడం. మీ మామకు ఏదీ రాదు. నీకు చిన్నప్పుడు పలక మీద దిద్దబెట్టిన అక్షరాలు ఇప్పుడు నాకే పనికొచ్చినాయి. జాబు బయటే పెట్టి పోయినా భయం లేదు.

మధ్యలో నా పెండ్లి చీర తెరగా కట్టినా. ఇవతల మేము, అవతల వాండ్లు. మీ మామ దగ్గు నీకు తెలిసిందే, గనిలో మింగిన దుమ్మంతా పడుకున్నాకే పైకొస్తాది. ఈయన దగ్గితే అవతల మంచం కిర్రుమంటాది. మంచం కిర్రుమంటే ఈయన దగ్గు ఆపుకుంటాడు. ఆపుకొని ఆపుకొని కండ్లల్లో నీళ్ళు.

ఆ పిల్ల చెడ్డది కాదు. కానీ మాటికీ కురుగోడు పోతాది. మొదట ఒక దినం ఉండి వచ్చేది, ఇప్పుడు వారం. మొన్న బస్సెక్కించి వస్తానని పోయిన హంపేశు కూడా బస్సెక్కినాడు. ఆ పిల్ల నాయన హంపన్నకు కొడుకుల్లేరు. "అల్లుడే నాకు కొడుకు" అని పెండ్లిలోనే అందరి ముందరా అన్నాడు, నువ్వూ విన్నావు. నువ్వు తింటాంటివి, అయినా విన్నింటావు.

నాకింకేం వద్దు. ఆ రెండో గది జల్దీ పంపించు. అది రాకపోతే నా కొడుకు నా ఇంట్లో ఉండడు. ఉండేది వాడొక్కడే సిద్ధా. మీట నొక్కేది నువ్వే గదా, నొక్కు.

నీ అత్త,
అంజినమ్మ

మామ అడిగినాడని రాయమన్నాడు. ఏమడిగినాడో చెప్పలే.


బళ్ళారి,
20 ఆగస్టు 2024

తెర చాటు రాజ్యమేలు అత్తకు, మీట నొక్కు శాఖ వారి సవినయ సమాధానం:

నొక్కేది నేనే. కానీ ఏది నొక్కాలో నాకు ఇంకొకరు నొక్కి చెబుతారు. నీ తరఫున అర్జీ పెట్టాను. కంప్యూటరు "ఇల్లు పెరగడానికి కారణం?" అని అడిగింది. పెళ్ళి, కాన్పు, ఇతరం అని మూడు గడులు. 'దగ్గు' అని రాయబోయాను. ఆ గడి లేదు. మనిషి ఇల్లు ఎందుకు పెంచుకుంటాడో దానికి సగమే తెలుసు. చివరికి 'పెళ్ళి' దగ్గర టిక్కు పెట్టాను. ఇప్పుడది మీ ఊరి ఆఫీసుకు పోయింది. అక్కడ "నాళె బన్ని" అనే దేవత ఉంటుంది. ఎవరు వెళ్ళినా రేపు రమ్మంటుంది. భక్తులు రోజూ వెళ్తారు కాబట్టి ఆమె మాట ఎన్నడూ తప్పు కాలేదు.

నీ వరసలో ముందు రుద్రేశన్న ఇంటి గది పోస్తున్నాం. దీన్ని నువ్వు అశుభంగా తీసుకోకూడదు. మిషను కొత్తది. దాని తప్పులన్నీ రుద్రేశన్న గదిలో చేయించేసి, చెయ్యి తిరిగాక నీది పోయిస్తాను. ఇదీ నా రాజనీతి.

బావ బస్సెక్కితే ఎక్కనీ. తిరుగు బస్సు కూడా ప్రభుత్వమే నడుపుతోంది. నువ్వు దగ్గుకు ఒక రాగం కట్టి మామకు నేర్పు. రాగంలో దగ్గితే కచేరీ అనుకుంటారు.

విధేయుడు,
మీటాధిపతి సిద్ధేశ్


యశ్వంతనగర్,
9 అక్టోబరు 2024

సిద్ధేశ్‌కు,

దీవెన తరువాత రాస్తా. ముందు ఇది చదువు.

నల్లి కాడ నీళ్ళు పట్టేటప్పుడు రుద్రేశు పెండ్లాము "మాకు గది వస్తాండాది, మీకు యాడ?" అని మూతి తిప్పినాది. నాకు కడుపు మండి, నువ్వు రాసిందే చెప్పినా. "మీది తప్పుల గది అంటమ్మా, మా అల్లుడే రాసినాడు, మిషను చెయ్యి తిరగాలని మీది ముందు పోస్తాండారు" అని. ఆయమ్మ బిందె ఆడనే పడేసి ఇంటికి పోయినాది. రుద్రేశు ఊరుకుంటాడా? ఆఫీసులో కంప్లైంటు ఇచ్చినాడు. వాండ్లు మా వరస గదులన్నీ ఆపేసినారు, పరీక్ష చేసినాకే ఇస్తారంట. ఇప్పుడు వరసంతా నన్నే తిడ్తాండారు.

నువ్వు నవ్వులాటకు రాసినావా? నవ్వులాటకైతే నవ్వులాట అని కింద రాయాల గదా. నాకు జాబు రాసేది నువ్వొక్కడివే. నువ్వు రాసింది నేను నమ్మక ఎవురు నమ్మాల?

అక్షత దసరాకు ముందే కురుగోడు పోయినాది. ఇంకా రాలే. హంపేశు పనికి ఈడికి వచ్చి, తిండికి ఆడికి పోతాండాడు. తెర ఇప్పేసినా. ఇద్దరికి తెరెందుకు?

అంజినమ్మ


బళ్ళారి,
17 నవంబరు 2024

అత్తకు,

నవ్వులాట అని కింద రాయలేదు కాబట్టి ఈ ఉత్తరంలో ఒక్క నవ్వులాట కూడా లేదని ముందే ధ్రువీకరిస్తున్నాను.

పరీక్ష అయిపోయింది. రుద్రేశన్న గది నిక్షేపంగా ఉంది, ఆయన బుద్ధి సంగతి పరీక్షలో లేదు. నేను మోహన్‌కృష్ణ గారి వెంటపడ్డాను. ఆయన క్యాంటీనుకు వెళ్తే క్యాంటీనుకు, కారెక్కితే కారు కిటికీకి. చివరికి "మీ అత్త గది పొయ్యకపోతే నా పెళ్ళాం నన్ను గుర్తుపట్టేలా లేదయ్యా" అని సంతకం పెట్టాడు. వచ్చే వారం పోస్తాం. డిసెంబరులో క్రేను వస్తుంది, దాని వెనక నేనూ వస్తాను. అక్షతను పిలిపించు. బావకు చెప్పు: గదికి కిటికీ ఉంది, గడియ లోపలివైపు ఉంది.

సిద్ధేశ్


యశ్వంతనగర్,
11 జనవరి 2025

మా బంగారు కొండ సిద్ధాకు అత్త వెయ్యి దీవెనలు,

నువ్వు పోయినాక ఇల్లు చిన్నబోయింది అని రాద్దామనుకున్నా, కానీ అబద్ధం. ఇల్లు పెద్దదయినాది!

పాలు పొంగించినప్పుడు నువ్వు ఫోటో తీసి ఫోనులో చుట్టాలందరికీ పంపినావు గదా, చూసినోళ్ళంతా బాగుందన్నారు. మీ మామ ఒక్కడే గొణిగినాడు. "ఉన్నింటికి గది చేరిస్తే పాలెవురు పొంగిస్తారే? పాలు పొంగించేది వేరే ఇంటికి గదా" అని. నేను వినలే. నాకు ఆ పిల్లకు ఇది నా ఇల్లు అనిపించాల. అందుకే కొత్త స్టౌవు తెచ్చి ఆ గదిలోనే పెట్టి పొంగించినా. తరువాత దాన్ని తియ్యలే. పొద్దున లేస్తానే మామ ముందర తల దువ్వుకోకుండా వచ్చి టీ పెట్టేదానికి ఆ పిల్లకు సిగ్గు. దాని గదిలో అదే పెట్టుకోనీ అని వదిలేసినా.

రుద్రేశు పెండ్లాము వచ్చి చూసి, "ఒక ఇంట్లో రెండు పొయ్యిలేందక్కా, బతికుండంగానే?" అన్నాది. దానికి వొళ్ళు మంట. వాండ్లింట్లో కోడలు నిలబడి తింటాది.

నిన్న అక్షత ఆ స్టౌవు మీద టీ పెట్టి నాకు తెచ్చి ఇచ్చినాది. చక్కెర ఎక్కువ. అయినా మొత్తం తాగినా. తాగి స్నానాల గదిలోకి పోయి ఏడ్చినా, సంతోషానికి. ఇప్పుడు కూడా ఏడ్చేదానికి అదొక్కటే చోటు.

హంపేశు పని కాన్నుంచి నేరుగా ఇంటికే వస్తాండాడు. మామ గట్టిగా, తృప్తిగా దగ్గుతాండాడు.

నీ అత్త,
అంజినమ్మ


బళ్ళారి,
2 ఫిబ్రవరి 2025

రెండు పొయ్యిల సామ్రాజ్ఞికి జయము జయము,

నీ ఉత్తరం మా గదిలో వాళ్ళకు చదివి వినిపించాను. టీ దగ్గర ఒకడు ముక్కు తుడుచుకున్నాడు. వాడిది జలుబు కావచ్చు.

ఇంతకూ నువ్వు చేసిన ఘనకార్యం నీకు తెలియదు. మన సర్కారువారి లెక్కలో కుటుంబమంటే రక్తం కాదు, ప్రేమ కాదు, పొయ్యి. పొయ్యి వేరైతే రేషను కార్డు వేరు. కార్డు వేరైతే కుటుంబం వేరు, యజమానురాలు వేరు. కాబట్టి ప్రస్తుతం నీ ఇంట్లో ఇద్దరు యజమానురాళ్ళు, ఇద్దరు మగ కూలీలు ఉన్నారు. అక్షతకు చెప్పి రెండో కార్డు రాయించు. సరుకులు రెండిళ్ళవి వస్తాయి, తినేది ఒకే ఇల్లు. సర్కారును మోసం చేసిన మొదటి అత్తాకోడళ్ళుగా మీ ఫోటో మళ్ళీ తీస్తాను.

జయధ్వానాలతో,
సిద్ధేశ్


యశ్వంతనగర్,
6 ఏప్రిల్ 2025

సిద్ధాకు అత్త దీవెనలు,

నువ్వు చెప్పినట్లే రెండో కార్డు రాయించినాం. మొదట ఆ పిల్ల "వద్దత్తా, జనాలు ఏమనుకుంటారు" అన్నాది. నేనే బలవంతం చేసినా. "మా సిద్ధేశు చెప్పినాడు, ఏం కాదు" అని. నువ్వు తీసిన ఫోటోనే చూపించినాం, స్టౌవు కనపడ్తాంది గదా. కార్డు వచ్చినాది.

ఇంకొక మాట. మొన్న మీ కంపెనీ వాండ్లు ఇద్దరు వచ్చి ఆ గది చుట్టూ టేపు పెట్టి కొలిచినారు. బోల్టులకు నూనె పోసినారు. "ఎందుకప్పా?" అంటే, "మేడమ్‌కు తెలుసు" అని ఆ పిల్లను చూపించినారు. ఆ పిల్ల తల దించుకొన్నాది. హంపేశు చెప్పు దొరకలేదని వెతుక్కుంటా బయటికి పోయినాడు. చెప్పు కాళ్ళకే ఉండాది.

నేను మొద్దుదాన్ని కాదు సిద్ధా. ఆ పిల్లకు ఈ నెల ఏం తిన్నా ఇముడ్తాలేదు. మామిడికాయ కోసం చూస్తాండాది. నేను అడగలే, వాండ్లే చెప్పాల. మూడో గదికి వాండ్లే అర్జీ పెట్టినట్లుండారు, నన్ను ఆశ్చర్యం చేద్దామని. ఇదే గదా సంగతి? నువ్వు కూడా ఇందులో ఉండావు. ఈసారి కాన్పు గడిలో టిక్కు పెట్టింటావు. నాకు తెలిసిపోయినాదని వాండ్లకు చెప్పొద్దు. తెలీనట్లే ఉంటా. పాత చీరలన్నీ ఉతికి మడిచి పెట్టినా, మెత్తగా ఉండాల గదా పసిబిడ్డకు.

పాలు ఈసారి పొంగించనులే, మామ మాట వింటా.

అత్త


బళ్ళారి,
15 ఏప్రిల్ 2025

అత్తా,

దీన్ని కూర్చుని చదువు. మామ పక్కన ఉంటే ఇంకా మంచిది.

వాళ్ళు చేర్చడానికి కొలవలేదు. విప్పడానికి కొలిచారు.

నీ ఉత్తరం చదివాక ఆఫీసులో చూశాను. అక్షత పేరు మీద అర్జీ ఉంది, కింద హంపేశ్ బావ సంతకం. వేరే కార్డు ఉన్న కుటుంబం తన గదిని తనకు నచ్చిన చోటికి తీసుకుపోవచ్చని మా కంపెనీ నియమం. దానికి 'వెసులుబాటు' అని పేరు పెట్టి రంగుల కాగితం మీద అచ్చేశారు. ఆ కాగితాన్ని నేనే మడతలు పెట్టి పంచాను. కురుగోడులో హంపన్న వాళ్ళకు కూడా మా ఇల్లే వచ్చింది. దానికీ పడమటి గోడ పల్చనిదే. ఏ గదైనా ఏ ఇంటికైనా సరిపోతుంది.

కోపం వస్తే ఆలస్యంగా నవ్వే అలవాటు నాది. నిన్నంతా నవ్వాను. ఇల్లరికం పోయినవాళ్ళను చూశాం అత్తా. అత్తగారింటి పెరట్లో పశువులకు నీళ్ళు పెట్టేవాళ్ళను చూశాం. మంచం, కిటికీ, గడియ, గోడకున్న అద్దం అన్నీ తీసుకుని, గదితో సహా ఇల్లరికం పోయినవాడు మన వంశంలో బావ ఒక్కడే. చరిత్రలో కూడా కావచ్చు.

బావకు ఫోను చేశాను. "నువ్వు అమ్మకు చెప్పొద్దప్పా, నేనే చెప్తా" అన్నాడు. చెప్పాడా? చెప్పలేదనే ఈ ఉత్తరం. నీకు ఫోను చేద్దామంటే నలుగురూ వింటారు. విననివ్వాల్సిందేమో, నాకు ధైర్యం చాలలేదు.

ఆపగలనా అని అడిగాను మోహన్‌కృష్ణ గారిని. "ఆపితే అది గది కాదయ్యా, గోడ" అన్నాడు. ఆయన మాట నాకు అర్థం కాలేదు. ఆయనకూ అయినట్టు లేదు.

సిద్ధేశ్


యశ్వంతనగర్,
22 జూన్ 2025

సిద్ధేశ్‌కు,

నీ జాబు గది పోయినాక అందినాది. పోస్టాయన కూతురి పెండ్లంట, సంచి ఎవురూ తెరవలే.

క్రేను పొద్దున్నే వచ్చినాది. నేను చీపురు తీసుకొని పోయినా, మూడో గది దించే చోట ఊడ్చి పెడదామని. నవ్వుకో, ఇది నవ్వులాటే. ఊడ్చి ముగ్గేస్తాంటే బోల్టులు విప్పడం మొదలుపెట్టినారు. "ఇదేందప్పా, చేర్చేది ఆ పక్క గదా" అన్నా. హంపేశు నా మొగం చూడలే. క్రేను వాన్నే చూస్తా "జోపానం, జోపానం" అంటాండాడు. గది పైకి లేచినాది. లోపల సామాను తియ్యలే. నేను తెచ్చిన స్టౌవు కూడా దాంట్లోనే పోయినాది. అక్షత నా కాళ్ళకు మొక్కి, "రావాలత్తా మా ఇంటికి" అన్నాది. చుట్టాలకు చెప్పినట్లు.

వరసంతా నిలబడి చూసినారు. రుద్రేశు పెండ్లాము ఒక్కతే లోపలికి పోయి తలుపేసుకొన్నాది. ఆ మర్యాద నాకు ఆయమ్మే చేసినాది.

మీ మామ ఏమన్నాడో తెలుసా? "అది మన గది కాదు అంజినా. మనింటి కాడ ఆగిన లారీ" అన్నాడు.

నువ్వే ఫోటో తీసినావు. నువ్వే కార్డు మాట రాసినావు. రూలు నీకు ముందే తెలుసు, కాగితాలు పంచినానని నువ్వే రాసినావు. ఏ జాబులోనూ నాకు ఒక్క మాట చెప్పలే. చెప్పింటే ఆ స్టౌవు నా చేత్తో పెట్టింటానా? నువ్వూ వాండ్లూ కలిసే చేసినారని మీ నాయనతో కూడా చెప్పినా.

అయినా నిన్నొకటి అడుగుతా, ఎందుకంటే అడిగేదానికి ఇంకెవురూ లేరు. గోడకు తలుపంత కంత పడినాది. ఆఫీసాయన వచ్చి మూసేస్తామన్నాడు. వద్దన్నా. రేకు అడ్డం పెట్టుకుంటా. లారీల దుమ్ము వస్తాండాది, వస్తే రానీ. మామ మంచం ఆ కంతకు ఎదురుగా వేసుకొన్నాడు, రోడ్డు కనపడ్తాదని. రేపు వానికి బుద్ధొచ్చి గది తీసుకొనొస్తే తగిలించేదానికి చోటుండాల గదా. మూయొద్దని నీ కంప్యూటరుకు చెప్పు. ఇదొక్కటి చెయ్యి.

అంజినమ్మ


బళ్ళారి,
8 జూలై 2025

అత్తకు,

కురుగోడు వెళ్ళొచ్చాను. ముందు అది చెబుతాను.

గది హంపన్న ఇంటికి అతుక్కుని ఉంది. తెలియనివాళ్ళు చూస్తే పుట్టినప్పటి నుంచి అక్కడే ఉందంటారు. పచ్చరంగు వేశారు. నీ అనుమానం నిజమే, అక్షతకు అయిదో నెల. నన్ను చూసి కుర్చీ వేసి, నీ స్టౌవు మీదే టీ పెట్టింది. "అత్త బాగుండాదా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "చక్కెర సరిపోయిందా?" అంది. సరిపోయిందన్నాను. వాళ్ళమ్మ నాకు రెండు పంక్తుల భోజనం పెట్టింది. ఒక్కటీ దిగలేదు.

బావ సన్నబడ్డాడు. నీ దగ్గర ఆ గది తలుపు ఒక పక్క ఉండేది, అక్కడ తిప్పి బిగించారు. ఇప్పటికీ నిద్దట్లో లేచి గోడలోకి నడుస్తున్నాడట. నుదుటి మీద బొప్పి ఉంది. హంపన్న దాన్ని అందరికీ చూపించి నవ్విస్తున్నాడు. బావ కూడా నవ్వాడు. మామగారింట్లో అల్లుడు నవ్వాల్సినంత నవ్వాడు.

పొలం గట్టు మీదికి తీసుకుపోయి అడిగాను. "మళ్ళా వస్తావా బావా?"

"యాడికప్పా? గది ఈడుండాది గదా."

"గదికేం, బోల్టులు విప్పితే వస్తుంది."

"రాదు. వెల్డింగు చేయించినా." కాలవ వైపు తిరిగి అన్నాడు. "నేను విప్పుకొనొచ్చినా గదా సిద్ధా. ఇంకెవురన్నా విప్పుతారని నిద్ర పట్టలే. అమ్మకు మాత్రం చెప్పొద్దు."

చెప్పొద్దన్నవాటిని దాచి మనం ఎక్కడికి వచ్చామో చూశావు కదా. అందుకే చెబుతున్నాను.

ఇక నీ నిందలు. ఫోటో తీశాను, నిజమే. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తీశాను. కార్డు గురించి రాశాను, అది నవ్వులాట. కింద ఆ ముక్క రాయలేదు. రూలు నాకు తెలుసు, కానీ నీ ఇంటికి దాన్ని ఎవరైనా వాడతారని తట్టలేదు. తట్టినా దాని మీద కూడా ఏదో ఒకటి పేల్చి ఉండేవాణ్ణి. వాళ్ళతో కలిసి చేశానన్నది మాత్రం అబద్ధం. నాన్న నా వైపు చూడటం లేదు. పరవాలేదు. వీటిలో దేనికీ నువ్వు అనుకున్నంత తెలివి నాకు లేదు.

నీ ఉత్తరం అందిన మూడోరోజో, నాలుగోరోజో నీ ఇంటి పేరు నా తెర మీదికి వచ్చింది. గది పోయిన ప్రతి ఇంటికీ అలా వస్తుంది. గోడలో కంతను అలాగే వదలాలా, మందంగా మూసేయాలా అని అది అడగదు. వేరేలా అడుగుతుంది. "ఈ కుటుంబం మళ్ళీ పెరుగుతుందా?" అవును. కాదు.

నీ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. తీసి మళ్ళీ చదివాను కూడా. అవునంటే రేకు అలాగే ఉంటుంది. మామ ఆ కంతకు ఎదురుగా కూర్చుని, గనిలో మిగిలిపోయిన దుమ్మును కూడా ఇంట్లోనే మింగుతాడు. నువ్వు రోజూ రేకు పక్కకు జరిపి రోడ్డు చూస్తావు. వెల్డింగు సంగతి అప్పటికే నాకు తెలుసు, నీకు తెలియదు. ఈ కారణాలన్నీ తర్వాత కూడబెట్టుకున్నానేమో కూడా. ఆ క్షణంలో ఏమనుకున్నానో నాకు సరిగ్గా గుర్తులేదు.

గురువారం లారీ వస్తుంది. అందులో మందం గోడ ఉంటుంది. దానికి ఎక్కడా పల్చటి చోటు లేదు, బోల్టు రంధ్రాలు లేవు. దించేవాళ్ళను తిట్టొద్దు, వాళ్ళకేమీ తెలియదు. కంపెనీయే నీ మాట వినకుండా పంపించిందని నాన్న నీకు ఫోను చేసి చెబుతాడు. అలా చెప్పమని ఆయన్ని బతిమాలింది నేనే, నిన్న సాయంత్రం. నమ్మొద్దు.

కంపెనీ కాదు. అడిగింది మిషను. కాదు అని నొక్కింది నేను.

సిద్ధేశ్